ఒక్క పేరు తీయబోయి

గడిచిన వారం భాగంలో మనం ఈ ఇంటి గడప దిగేసరికి అక్క కంప్యూటర్ ముందు నిలబడి ఉంది. తెర మీద ఒకే వాక్యం: కేటలాగ్ దెబ్బతింది, తెరవడం కుదరదు. అది ఆదివారం. ఇవాళ మంగళవారం. గురువారం సాయంత్రం ఐదింటికల్లా విచారణ సంఘం బల్ల మీద పేర్ల జాబితా ఉండాలి.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. నాన్న ముప్ఫై నాలుగేళ్ళు ఒక పత్రికలో ఫొటోగ్రాఫర్‌గా పనిచేశాడు. ఇరవై ఏడేళ్ళ కిందట గాజు సీసాల ఫ్యాక్టరీ ఒకటి, ప్రమాదాలు లేకుండా వెయ్యి రోజులు గడిచాయని బోర్డు పెట్టి, ఫొటో తీయమని పత్రికవాళ్ళని పిలిచింది. పొద్దున షిఫ్టు వాళ్ళని ఆఫీసు మెట్ల మీద నాలుగు వరసల్లో నిలబెట్టి నాన్న ఒక్క ఫొటో తీశాడు. అరవై మూడు ముఖాలు. గంటన్నర తర్వాత కొలిమి పేలింది. మెట్ల మీద నిలబడ్డవాళ్ళలో ఒక్కరూ మిగల్లేదు.

ఫ్యాక్టరీ రిజిస్టరులో ఆ షిఫ్టుకి నలభై పేర్లే ఉన్నాయి. మిగతా ఇరవై ముగ్గురు తమ దగ్గర పనే చేయలేదని యాజమాన్యం అప్పుడూ అంది, ఇప్పుడూ అంటోంది. వాళ్ళు అక్కడున్నారనడానికి సాక్ష్యం ఆ ఫొటో ఒక్కటే. ఏ ముఖం ఎవరిదో ఇంటింటికీ తిరిగి కనుక్కున్నవాడు నాన్న ఒక్కడే. ఆయన ఆ పేర్లని కాగితం మీద పెట్టలేదు, తల్లో పెట్టుకున్నాడు. కిందటేడు విచారణ మళ్ళీ మొదలయ్యాక అక్క ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఫొటోలు సర్దే సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ముఖం చుట్టూ గడి గీసి, ఆయన చెప్పిన పేరు రాసుకుంది. యాభై ఎనిమిది అయ్యాయి. ఐదు మిగిలాయి. అంతలో నాన్నకి పక్షవాతం వచ్చింది. మాట పోయింది, కుడిచెయ్యి పోయింది. ఐదు నెలలైంది. ఆ పేర్లన్నీ ఇంకోసారి చెప్పగలిగే మనిషి ఇప్పుడు లేడు.

మంగళవారం పదకొండింటికి డాక్టరు వచ్చింది. మనుషుల డాక్టరు కాదు. చెడిపోయిన డిస్కుల్లోంచి ఫైళ్ళు బయటికి తీసే ఆవిడ. ఆ పేరు ఆవిడకి ఎందుకొచ్చిందో ఆవిడే చెప్పింది. తన దగ్గరికి వచ్చేవాళ్ళందరూ నొప్పి ఎక్కడో చెప్తారు గానీ ఏం తిన్నారో చెప్పరట.

ఇంట్లో ఇప్పటికీ డార్క్‌రూమ్ అనే పిలిచే గదిలో ఆవిణ్ణి కూర్చోబెట్టారు. కిటికీ అద్దాలకి నాన్న వేసిన నల్లరంగు అలాగే ఉంది. ఫొటోలు పెద్దవి చేసే ఎన్‌లార్జర్ మీద దుప్పటి కప్పి ఉంది. రసాయనాల తొట్లు ఉండే బల్ల మీద ఇప్పుడు స్కానరూ కంప్యూటరూ ఉన్నాయి. అక్క ఆవిడ కుడిపక్కన నిలబడింది. తమ్ముడు తలుపు దగ్గర నిలబడ్డాడు, ఏ నిమిషాన వెళ్ళిపోవలసి వస్తుందో అన్నట్టు.

పాడైన ఫైలుని డాక్టరు ముందు రెండు కాపీలు తీసింది. అసలుదాన్ని పెన్‌డ్రైవులో పెట్టి, కవర్లో వేసి, కవరు అంటించి అక్క చేతికిచ్చింది. ఇక మీదట తను కోసినా కుట్టినా కాపీనే అంది. తర్వాత అడగవలసింది అడిగింది. పాడైందని తెలిశాక ఏమేం చేశారు?

మూడుసార్లు తెరవబోయానని అక్క చెప్పింది. ఒకసారి 'రిపేర్' నొక్కానని, అది సగంలో ఆగిపోయిందని చెప్పింది. తమ్ముడు తానేమీ చేయలేదన్నాడు. డాక్టరు అతని వైపు ఒకసారి చూసి, తెర వైపు తిరిగింది.

అరగంటకి ఆవిడ సంగతి తేల్చింది. నాన్న తీసిన ఫొటోలు, స్కాన్ చేసినవి, నలభై ఒక్క వేలు. అన్నీ బాగున్నాయి. వాటి గురించి రాసుకున్నదంతా, అంటే తేదీలూ పేర్లూ ముఖాల గడులూ, కేటలాగ్ అనే వేరే ఒక ఫైల్లో ఉంటుంది. పాడైంది అది. ఆ రాసుకున్నదాన్ని ప్రతి ఫొటోలోపల కూడా రాసిపెట్టే ఏర్పాటు ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. దాన్ని ఆపేసి ఉంచారు.

"ఎవరు ఆపారు?" అంది డాక్టరు.

"నేనే" అంది అక్క.

తమ్ముడు తలుపు వదిలి లోపలికి వచ్చాడు. రెండు రోజులుగా అతను ఈ మాట కోసమే కాచుక్కూర్చున్నట్టున్నాడు.

"విన్నావా అక్కా? అది ఆన్ చేసి ఉంటే ఈ గొడవే లేదు. ఏ ఫొటో తెరిస్తే ఆ ఫొటోలోనే పేర్లుండేవి. నేను అప్పుడే చెప్పాను. నువ్వు వింటేగా."

అక్కకి ఒళ్ళు మండింది. మండడానికి కారణం వాడు అబద్ధం చెప్పడం కాదు. వాడు చెప్పింది నిజం. నెగెటివ్ మీద చెయ్యి పడకూడదనేది ఈ గదిలో నాన్న పెట్టిన చట్టం. ఏం రాయాలన్నా కవరు మీద రాయాలి. తొమ్మిదేళ్ళప్పుడు అక్క ఒక నెగెటివ్ అంచున పెన్నుతో నంబరు వేసింది. నాన్న కొట్టలేదు, తిట్టలేదు. రెండు వారాలు ఈ గది గడప తొక్కనివ్వలేదు. కంప్యూటర్ వచ్చి, పేర్లు ఫొటోలోనే రాయమంటారా అని అది అడిగినప్పుడు, అక్క రెండోసారి ఆలోచించకుండా వద్దని నొక్కింది. వేరే ఇంట్లో పెరిగిన మనిషైతే అలా నొక్కేది కాదు.

"సరే, అది నా తప్పు" అంది. "మరి బ్యాకప్?"

బ్యాకప్ సంగతి డాక్టరు చదివి వినిపించింది. ప్రతి శనివారం సాఫ్ట్‌వేర్ మూసేటప్పుడు బ్యాకప్ తీయమంటారా అని అడిగింది. తీయడానికి ఏడు నిమిషాలు పడుతుంది. శనివారాల్లో కూర్చునేది తమ్ముడు. ముప్ఫై ఒక్క శనివారాలు వరసగా 'తర్వాత' అని నొక్కాడు. ఆఖరి బ్యాకప్ ఏడున్నర నెలల నాటిది. మెట్ల ఫొటోకి పేర్లు పెట్టడం మొదలుపెట్టింది ఏడు నెలల కిందట.

"ముప్ఫై ఒక్కసార్లు" అంది అక్క. "ఒక్కసారి మర్చిపోతే మతిమరుపు అనుకోవచ్చు. ఏడు నిమిషాలు కూర్చోలేకపోయావా?"

"నాకు ఉద్యోగముంది, ఇల్లుంది. నీలాగా ఇరవై నాలుగ్గంటలూ నాన్న ఫొటోల్లో కూర్చోలేను."

"కూర్చోమని ఎవరడిగారు? నొక్కమన్నాను."

డాక్టరు వాళ్ళిద్దరి మధ్యా దూరలేదు. మాటలు ఆగేదాకా ఆగి, తెర మీద ఒక చోట వేలు పెట్టింది. కేటలాగ్ తెరిచి ఉన్నంతసేపూ దాని పక్కన ఇంకో చిన్న ఫైలు పుడుతుందని చెప్పింది. కొత్తగా చేసిన మార్పులు ముందు అందులో పడతాయి, తర్వాత నిదానంగా పెద్ద ఫైల్లోకి వెళ్తాయి. ఆ మార్పులు సగం దారిలో ఉండగా చిన్న ఫైలు మాయమైతే పెద్దదానికి దిక్కు తెలియదు. ఇక్కడ జరిగింది అదే.

"అది దానంతటది పోదండీ. ఎవరో తీసేశారు. ఆదివారం పదకొండూ నలభై నాలుగుకి. ఈ కంప్యూటర్ నుంచి కాదు, రెండోదాని నుంచి."

రెండోది తమ్ముడి ఇంట్లో ఉంది. అక్కడి నుంచి కూడా పని చేయడానికి వీలుగా కేటలాగ్‌ని ఆన్‌లైన్ ఫోల్డర్లో పెట్టింది అతనే. ఇద్దరూ ఒకేసారి తెరవొద్దని అక్కకి చెప్పిందీ అతనే. ఆదివారం పదకొండున్నరకి అక్క ఇక్కడ తెరిచే ఉంచింది.

తమ్ముడు నీళ్ళు నమిలాడు. ఆ ఫోల్డర్లో చోటు చాలడం లేదని చెత్త ఫైళ్ళు కొన్ని తీసేశానన్నాడు.

"మీ ఫోల్డర్ సగం ఖాళీ అండీ" అంది డాక్టరు.

 పాడైన ఫైల్లోంచి పనికొచ్చే ముక్కలన్నీ పేజీ పేజీగా గీరి, కొత్త ఫైల్లోకి ఎత్తడం మొదలుపెట్టింది డాక్టరు. గంటన్నర పడుతుందంది. ఏం దొరుకుతుందో ముందే చెప్పనంది.

ఆ గంటన్నరలో వకీలు రెండుసార్లు ఫోను చేశాడు. రిజిస్టరులో పేరు లేనివాళ్ళ కుటుంబాల తరఫున వాదిస్తున్నది ఆయనే. మొదటిసారి పేర్లు దొరికాయా అని అడిగాడు. రెండోసారి, సంఘం నిన్న పెట్టిన కొత్త షరతు చెప్పాడు. జాబితా ఒక్కటే చాలదు, ప్రతి పేరు పక్కనా ఆ మనిషి తాలూకు ఒకరు ఫొటోలో ముఖం చూపించి సంతకం పెట్టాలి. నిన్న తన ఆఫీసుకి వచ్చిన ఒకావిడ అప్పుడే పెట్టి వెళ్ళిందన్నాడు. ఎక్కడైనా ఒక్క ముఖం దగ్గర తేడా వచ్చిందా, అవతలి వకీలు మొత్తం ఫొటోనే నమ్మొద్దంటాడు. ఒక్కటి చాలు వాళ్ళకి, అన్నాడు. అక్క సరేనంది. ఫోను పెట్టేశాక ఆ 'సరే' ఏ ధైర్యంతో అందో ఆమెకే అర్థం కాలేదు.

రెండు దాటాక డాక్టరు కుర్చీ వెనక్కి జరిపింది.

"వచ్చాయండీ."

పేర్లన్నీ వచ్చాయి. ఏ పేరు ఏ ముఖానిదో చెప్పే పట్టీ కూడా వచ్చింది. అందులో కింది రెండు వరసలు అక్కడక్కడా చినిగాయి. ఏడు చోట్ల ఆవిడ అంచనాతో అతికించింది, ఆ ఏడింటికీ ఎర్ర గుర్తు పెట్టింది. వాటిని తెలిసినవాళ్ళతో సరిచూసుకోమంది. పై రెండు వరసలు, అంటే మూడూ నాలుగూ, చెక్కుచెదరలేదు. అక్కడ తను చెయ్యే పెట్టలేదు.

అక్క స్టూలు మీద కూర్చుంది. కూర్చుని, జాబితా కింద అంకె చూసింది. యాభై తొమ్మిది.

"యాభై ఎనిమిది ఉండాలి కదా" అంది.

ఒకటి తీసేసిన పేరని డాక్టరు చెప్పింది. తీసేసినా ఆ చోట ఇంకోటి రాసేదాకా పాతది లోపల అలాగే పడి ఉంటుంది. అందుకే గీరితే వచ్చింది. అది రాసిన తేదీ, గంటా కూడా ఉన్నాయి. తీసేసిన గంట కూడా ఉంది. ఆదివారం పదకొండూ నలభై రెండు.

అక్క ఆ పేరు చదివింది. రెండోసారి చదివింది. అది మామయ్య పేరు.

అమ్మకి ఒక్కడే తమ్ముడు. ఇరవై ఏడేళ్ళ కిందట, అక్కకి పదకొండేళ్ళప్పుడు, అతను ఈ ఇంట్లోనే ఉండేవాడు. పనీపాటా లేదని నాన్న ఒక మాటన్నాడు, అతను రెండన్నాడు. సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ కబురు లేదు. నా తమ్ముణ్ణి నువ్వే తరిమేశావని అమ్మ నాన్నని ఎన్నిసార్లు అందో లెక్క లేదు. మొదట్లో అరిచేది. తర్వాత అరవడం మానేసి మాట్లాడడం మానేసింది. అన్నం పెట్టేది, బట్టలు తీసిచ్చేది, ఏదైనా చెప్పాల్సి వస్తే పిల్లలతో చెప్పించేది. ఎక్కడో బతికే ఉన్నాడు, కోపం తగ్గితే వస్తాడు అనేది ఆవిడ నమ్మకం. ఆ పేరు ఇంట్లో ఎవరూ పైకి అనరు.

రాసిన తేదీ చూసింది అక్క. నాన్నకి పక్షవాతం వచ్చిన ముందురోజు, మధ్యాహ్నం మూడూ పది. ఆ మధ్యాహ్నం అక్క వకీలు ఆఫీసులో ఉంది. ఇంట్లో నాన్న ఒక్కడే ఈ కుర్చీలో కూర్చున్నాడు. ఆయనకి టైపు రాదు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒంటివేలితో కొట్టి ఉంటాడు. ఆయన మంచం పట్టాక అక్క ఆ ఫొటో మళ్ళీ తెరవలేదు. తెరవబోయింది మొన్న ఆదివారమే. అప్పటికి కేటలాగ్ పాడైంది.

డాక్టరు లేచింది. బయట కూర్చుంటానంది. తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

"నువ్వే కదూ తీసేసింది" అంది అక్క. గొంతు పెంచలేదు.

తమ్ముడు ఎన్‌లార్జర్ మీది దుప్పటి అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"ప్రింటు తీయమన్నావు. తెరిచాను. చివర్లో మామయ్య పేరుంది. నేనేం చేయను? ఆ జాబితా పేపర్లో పడుతుంది. అమ్మ పొద్దున్నే అక్షరం అక్షరం పేపరు చదువుతుంది. అందులో చూసి తెలుసుకోమంటావా?"

"నాకు చెప్పాలి."

"చెప్తే ఉంచమంటావు. నీకు జాబితా కావాలి. నాకు అమ్మ కావాలి."

"చిన్న ఫైలెందుకు తీశావు?"

"మార్పులన్నీ అందులో ఉంటాయని చదివాను. అది పోతే నేను తీసినట్టు నీకు తెలియదనుకున్నా."

అక్క లేచి నిలబడింది. చేతిలో ఉన్న కవరు బల్ల మీద పెట్టింది, లేకపోతే వాడి ముఖాన కొట్టేలా ఉంది.

"ఒక్క పేరు తీయబోయి యాభై ఎనిమిది మందిని ఊడ్చేశావురా. మన అమ్మ ఏడవకూడదని. ఆ యాభై ఎనిమిది మందికీ అమ్మలు లేరా? ఫ్యాక్టరీవాళ్ళు ఇరవై ఏడేళ్ళుగా చేస్తున్నది ఏంటి? వీళ్ళు లేరు, వీళ్ళు రాలేదు, వీళ్ళెవరో మాకు తెలీదు. నువ్వు చేసిందీ అదే. వాళ్ళు రిజిస్టరులోంచి తీశారు, నువ్వు ఇందులోంచి తీశావు."

"నన్ను వాళ్ళతో కలపకు."

"కలిసింది నువ్వు. రెండు రోజులు నా ఎదురుగా నిలబడి, నేను రిపేర్ నొక్కడం వల్లే పోయిందన్నావు. నేను నమ్మాను. నిన్న అన్నం తినలేదు, తెలుసా నీకు?"

 తమ్ముడు మెల్లిగా, ఇప్పుడేం చేద్దామని అడిగాడు. ఆ పేరు వదిలేసి మిగతా యాభై ఎనిమిదీ ఇచ్చేద్దామా అని కూడా అన్నాడు. అవి చాలు కదా, అన్నాడు.

అక్క మెట్ల ఫొటో పెద్ద ప్రింటు తీసుకుంది. పేర్ల పట్టీ, సంతకం పెట్టించడానికి ఒక కాగితం తీసుకుంది. పక్కగదికి నడిచింది. తమ్ముడు వెనకే వచ్చాడు, వద్దక్కా వద్దక్కా అంటూ.

పక్కగదిలో అమ్మ నాన్నకి గడ్డం గీస్తోంది. తలకింద రెండు దిళ్ళు పెట్టి, మెడ చుట్టూ తువ్వాలు కట్టింది. ఎడమ చెంప అయింది. కుడి చెంప మీద నురగ ఉంది.

"ఏంటే మీ ఇద్దరి గోల? పరాయి మనిషి ఇంట్లో ఉండగా" అంది తిరక్కుండానే.

అక్క చుట్టూ తిప్పి చెప్పలేదు. ఆ రోజు మెట్ల మీద మామయ్య కూడా నిలబడ్డాడని, ఫొటోలో ఉన్నాడని, ఆ పేరు నాన్నే రాశాడని చెప్పింది. ఐదు నెలల కిందట రాశాడని, ఇవాళే తెలిసిందని చెప్పింది. అక్కడ నిలబడ్డవాళ్ళు ఏమయ్యారో అమ్మకి చెప్పనక్కరలేదు.

అమ్మ చేతిలో రేజరు కదల్లేదు. తర్వాత దాన్ని నీళ్ళ గిన్నెలో వేసింది. తువ్వాలు కొసకి వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంది.

"ఈయనకి ఎప్పట్నుంచి తెలుసు?"

"ఫొటో కడిగిన రోజు నుంచీ తెలిసుండాలి" అంది అక్క.

అమ్మ నాన్న వైపు తిరిగింది. ఎన్నో ఏళ్ళ తర్వాత నేరుగా ఆయనతో మాట్లాడింది.

"నేను తిడుతుంటే పడ్డావు. నిన్నొక మనిషిగా చూడకపోతే పడ్డావు. ఒక్క మాట చెప్పలేకపోయావు. ఇప్పుడు నోరు పడిపోయాక నేనెవర్ని అడగను?"

నాన్న కళ్ళు ఆవిడ మీదే ఉన్నాయి. నురగ కింద దవడ కదిలింది గానీ శబ్దం రాలేదు. తమ్ముడు అమ్మ భుజం మీద చెయ్యి వేయబోయాడు. ఆవిడ ఆ చెయ్యి తీసేసింది. తర్వాత అక్క వైపు చెయ్యి చాచింది.

"ఇలా తే."

ఫొటో తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. వెలుతురు పడేలా పట్టుకుంది.

"ఏడీ?"

అక్క పై వరసలో, స్తంభం పక్కన సగమే కనిపిస్తున్న ముఖం మీద వేలు పెట్టింది. నాన్న ఆ పేరు రాసింది ఆ గడికే. అమ్మ చూసింది. దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరం పెట్టి చూసింది.

"వీడెవడో నాకు తెలీదు."

"సగమే కనిపిస్తోంది కదమ్మా."

"సగం చాలు. వాణ్ణి ఎత్తుకుని పెంచాను." ఆవిడ వేలు ఫొటో మీద కిందికి జరిగింది. ఒక్కో ముఖం దగ్గరా ఆగి, వదిలి, మళ్ళీ జరిగింది. మూడో వరసలో ఆగిపోయింది. అక్కడి నుంచి కదల్లేదు.

"మావాడు ఇడుగో. ఎడమ చెవి చూడు, కిందికి సాగి ఉంటుంది. చిన్నప్పుడు నేను మెలిపెట్టిన చెవే."

మంచం మీద నాన్న కళ్ళు మూసుకున్నాడు.

అక్క పేర్ల పట్టీలో వెతికింది. మూడో వరస, ఎడమ నుంచి నాలుగో మనిషి. ఎర్ర గుర్తు లేదు. డాక్టరు చెయ్యి పెట్టని వరస అది. ఆ ముఖానికి నాన్న ఆర్నెల్ల కిందట అక్క పక్కన కూర్చుని, అడగ్గానే తడుముకోకుండా చెప్పిన పేరుంది. అది మామయ్య పేరు కాదు. ఆ పేరుగల మనిషి భార్య నిన్ననే రెండు బస్సులు మారి వకీలు ఆఫీసుకి వచ్చింది. ఇదే ముఖం మీద వేలు పెట్టి, మా ఆయన ఈయనే అని చెప్పి, సంతకం చేసి వెళ్ళింది.